పసుపు కొమ్ము నా దగ్గరే ఉంది, కొడుకా

చిన్నోడా,

డబ్బాలో మామిడికాయ తొక్కు పైన పెట్టాను. ముందు దాన్ని నిలువుగా పట్టుకొని దించు, నూనె కారితే కింద మురుకులు పాడవుతాయి. బత్తాయిలు మీ మామ తోటవి, పదహారు ఉన్నాయి, ఇద్దరికీ లెక్కేసి పెట్టాను. ఆర్టీసీ కార్గోలో వేయమని మీ నాయినకు ఇస్తున్నా, మెసేజ్ రాగానే పోయి తెచ్చుకో, అక్కడే రెండ్రోజులు ఉంచకు.

ఫోన్‌లో చెప్తే అయిపోయేదానికి ఉత్తరం ఎందుకంటావేమో. ఫోన్ చేస్తే "బాగున్నమమ్మా, మీటింగ్‌ల ఉన్నా" అని పెట్టేస్తున్నావు. "బాగున్నం" అంటున్నావు. అది ఇద్దరి మాట కదా. సరేలే.

ఇక్కడ వానలు పర్వాలేదు. పత్తికి రెండోసారి గుంటుక తోలించాము. మీ నాయినకు మోకాళ్లు మళ్లీ పట్టుకున్నాయి. చిన్నప్పటి నుంచి ఆ ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగిన ఒళ్లు, ఇప్పుడు నల్లాలో కృష్ణ నీళ్లు వస్తున్నా ఎముకలో దిగినది ఎక్కడికి పోతుంది. అయినా మొన్న మిర్యాలగూడ పోయొద్దామా అన్నాడు. ఎందుకు అంటే ఊరికే అన్నాడు.

ఆషాఢం పోయి శ్రావణం వచ్చి పదకొండు రోజులైంది. ఆ నెలలో అత్తాకోడళ్లు ఒక గడప దాటొద్దంటారని స్వాతిని పుట్టింటికి పంపాము, అల్లుడు అత్తగారి గడప తొక్కొద్దంటారని నువ్వూ ఆగావు. ఆ నెల అయిపోయింది. మీ చిన్నమ్మకు మిర్యాలగూడ బస్టాండులో కనిపించిందట. ఒక్కతే ఉందట, చిక్కిపోయిందట. "హైదరాబాదు ఎప్పుడు పోతవు బిడ్డా" అంటే నవ్వి ఊరుకుందట. చిన్నమ్మ ఒకటికి రెండు చెప్పే మనిషే, నాకూ తెలుసు. నేను నిన్నేమీ అడగడం లేదు.

పొద్దున ఏం తింటున్నావు? హోటల్ ఇడ్లీ తిని గ్యాస్ అంటావు. రాత్రి పూట బియ్యం కడిగి కుక్కర్‌లో పెట్టడానికి ఎంతసేపు? పెళ్లికి ముందు నీకు రెండు కిలోలు పెరిగిందని నేను సంతోషపడ్డాను, అదంతా పోయినట్టుంది నిన్న వీడియోలో చూస్తే. వెనక గోడకు తగిలించిన పెళ్లి ఫోటో కూడా కనపడలేదు. తీసేశావా, ఫోన్ పక్కకు తిప్పావా?

ఆ ఫోటో అంటే గుర్తొచ్చింది. నీ పెళ్లి రోజు నీకు సగమే తెలుసు. నువ్వు బస్సు దగ్గర ఉన్నావు, మిగతా సగం నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్లు, నీకు చెప్పాలి.

తిప్పర్తి దాటగానే బస్సు ఆగింది, ఇంజన్‌లోంచి పొగ. అప్పుడే నా గుండె ఝల్లుమంది, పుస్తెల డబ్బా బీరువాలోనే ఉంది. నా చేతులతో పెట్టి నేనే మరిచాను కొడుకా, ఆ తప్పు నాది, ఎవరి మీదా వేయను. మీ నాయిన ఎవరిదో బండి ఆపించుకొని చండూరు దారి పట్టాడు. నువ్వు పెళ్లి బట్టల్లో వేపచెట్టు కింద నిలబడి గడియారం చూసుకుంటున్నావు. 10:42 ముహూర్తం. పెళ్లికూతురు వాళ్లకు కబురైనా చెప్దామని యాదమ్మత్త, నేను ఒక ఆటో ఎక్కి పోయాము.

పోయి చూస్తే అక్కడ మాకంటే ఎక్కువ జరిగింది. రాత్రి గాలిదుమారానికి పచ్చని పందిరి మొత్తం నేల మీద పడి ఉంది, కొబ్బరి మట్టలూ మామిడి తోరణాలూ బురదలో కలిసిపోయాయి. పెళ్లికి రంగులేసి పూజలో పెట్టే ఐరేని కుండలు రెండు పగిలాయి. కరెంటు లేదు. కట్టెలు తడిసి బగారా కాగు కింద మంట అంటుకోవడం లేదు, బియ్యం బస్తాలు నానిపోయాయి. చుట్టూ అన్ని రైసు మిల్లులున్న ఊర్ల మధ్య పెళ్లింట్లో వండడానికి పొడి బియ్యం లేవు. మిల్లులో హమాలీ చేసే వాళ్ల మేనమామ ట్రాలీ ఆటోలో నాలుగు బస్తాలు తెచ్చి, కొత్త చొక్కా మీదనే మోసి దించాడు.

నేను ఏడుపు ముఖంతో ఆటో దిగాను. ఆ పిల్ల ముఖానికి పసుపుతో, చీర చెక్కుకొని తడిసిన చాపలు ఎత్తుతోంది. పెళ్లికూతురు అది. నన్ను చూసి వచ్చి చేతులు పట్టుకుంది. పుస్తెల సంగతి చెప్పాను, బస్సు సంగతి చెప్పాను. అన్నీ విని అడిగింది ఒకటే, "బస్సుల పెద్దోళ్లు మంచినీళ్లు తాగిండ్రా అత్తమ్మా?" అని. బస్సులో మీ తాత ఉన్నాడు, నీళ్ల మాట నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది. వాళ్ల తమ్మునికి రెండు క్యాన్లలో మజ్జిగ పోసి పంపింది. నువ్వు ఆ మజ్జిగ రెండు గ్లాసులు తాగావు. ఎవరు పంపారో అడిగావా?

అప్పటికే పెద్దమనుషులు మొదలుపెట్టారు. కుండలు పగిలినయి, పుస్తెలు మరిచిండ్రు, ఈ లగ్గం ఆపి వచ్చే నెల చూద్దామని. మనవాళ్లు కూడా అన్నారు, ఫోన్లలో. స్వాతి వాళ్ల తాత అరుగు మీద కర్ర పట్టుకొని కూర్చున్నాడు. "1967ల సాగర్ కాలువకు నీళ్లిడిసిండ్రు. ఆ నీళ్లు మా మడిల పారేదాక ఎంత కాలం ఎదురుచూసినమో మాకెరుక. పిలగాడు వస్తుండు, గంట ఆగలేమా?" అన్నాడు. ఇంకెవరూ మాట్లాడలేదు. అయ్యగారు పంచాంగం తిప్పి మిట్టమధ్యాహ్నం అభిజిత్ లగ్నం ఉందన్నాడు.

మీరు ట్రాక్టర్ ట్రాలీలో దిగేటప్పటికి మళ్లీ చినుకులు. మీ నాయిన ఇంకా రాలేదు. వాళ్ల నాయినమ్మ లోపలికి పోయి పసుపు కొమ్ము తెచ్చి, దారానికి పసుపు రాసి కట్టి అయ్యగారి చేతిలో పెట్టింది. నీ చేతులు వణికాయి. మూడో ముడి పడకపోతే స్వాతి మెడ ఇంకొంచెం వంచి జడ తనే పక్కకు పట్టుకుంది. తలంబ్రాల బియ్యం తడికి ఆమె జుట్టుకు అతుక్కుపోతే, అందరూ భోజనాల మీద పడ్డప్పుడు నువ్వు ఒక్కొక్క గింజా ఏరి తీస్తూ కూర్చున్నావు. ఎవరూ చూడడం లేదనుకున్నావు, నేను స్తంభం పక్కనే ఉన్నాను. ఆ రోజు పొద్దుటి నుంచి నా గొంతులో ఉన్నదేదో అప్పుడు దిగింది. మీ నాయిన పుస్తెలతో మూడు గంటలకు వచ్చాడు.

ఇప్పుడు అసలు మాట. జ్యేష్ఠంలో నల్లగొండలో గృహప్రవేశం దావత్‌కు పోయారు కదా. అక్కడ మనవాళ్లు "పసుపుకొమ్ము లగ్గం, ట్రాక్టర్ లగ్గం" అని నవ్వారట. హమాలీ తెచ్చిన బియ్యం అన్నారట. నువ్వు కూడా నవ్వావట. ఇది చిన్నమ్మ చెప్పింది కాదు, మీ చెల్లె చెప్పింది, అది అక్కడే ఉంది. స్వాతి ప్లేటు పెట్టేసి లేచిపోయిందట. నవ్వినందుకు నువ్వు చెడ్డవాడివని నేను అనను. మనవాళ్ల ముందు తేలిక కాకూడదని నవ్వి ఉంటావు. కానీ పుస్తెలు మరిచింది నీ తల్లి, ఆగిపోయింది మనం మాట్లాడిన బస్సు. ఆ బియ్యం మోసిన మనిషి భుజం మీద బురద మరక నేను చూశాను. మగవాడు పెండ్లాం పక్కన నిలబడాల్సింది దండలు మార్చేటప్పుడే కాదు, నలుగురు నవ్వేటప్పుడు. నిన్ను తిట్టొద్దనుకొనే మొదలుపెట్టాను, చూడు మళ్లీ ఎక్కడికి పోయానో.

ఫోన్‌లో క్షమాపణ చెప్పకు. శనివారం పొద్దున బస్సెక్కి పో. స్వాతి మేనమామ ఇంటికి ముందు పో, ఆ తర్వాత అత్తగారింటికి. వట్టి చేతులతో పోకు, ఈ బత్తాయిలు సగం అందుకే. తాత కాలువ సంగతి మళ్లీ చెప్తాడు, మధ్యలో ఫోన్ చూడకుండా విను. చినుకులు పడుతున్నాయి, గొడుగు పెద్దది తీసుకో, చిన్నదాంట్లో ఇద్దరు పట్టరు.

పదహారు రోజుల పండుగ నాడు పుస్తెలు సరిచేసేటప్పుడు స్వాతి ఆ పసుపు కొమ్ము తీసి, పారేయబుద్ధి కాక, కొంగుకు ముడేసుకొని "దీన్ని ఏం చేయాలె అత్తమ్మా" అని నన్నడిగింది. దేవుని గూట్లో కుంకుమ డబ్బాలో పెట్టాను. వచ్చే శుక్రవారం నోముకు ఇద్దరూ వస్తే ఆమె చేతికే ఇస్తాను. బూరెలకు శనగపప్పు తెప్పించాను, ఎంత నానబెట్టాలో గురువారం లోపు చెప్పు.

అమ్మ