టోపీల కంటే ముందు మొదటి భాగం కొనండి

సంపాదకులకు నమస్కారం.

నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో కొన్ని పాఠశాలలు ఒక రోజును మంత్రవిద్య నేర్చే కుర్రాడి కథలైన హ్యారీ పోటర్ నవలలకు కేటాయిస్తున్నాయి. వక్తృత్వ పోటీ పెట్టి చేతులు దులుపుకోవడం కంటే ఇది మేలే. చిక్కల్లా డబ్బు దేనికి ఖర్చవుతుందన్నదే. నల్ల గౌన్లు, టోపీలు, థర్మోకోల్ కోట, బ్యానరు అయ్యాక పుస్తకాలకు మిగిలేది ఒక్క సెట్టు. ఏడు భాగాలు అందంగా అద్దాల బీరువాలోకి వెళ్తాయి, తాళం పడుతుంది.

సెట్టు కొనడంలోనే పొరపాటుంది. నలభై మంది ఉన్న తరగతిలో మొదటి భాగం ఒక్క ప్రతే ఉండి, ఒక్కొక్కరికి రెండు వారాలు ఇస్తే అది చివరి పిల్లవాడి దాకా తిరగడానికి 80 వారాలు పడుతుంది. ఐదు ప్రతులుంటే 16 వారాలు చాలు. ఏడో భాగానికి అంత గిరాకీ ఉండదు. కాబట్టి మొదటిది ఐదు, రెండోది మూడు, మూడోది రెండు, మిగతావి ఒక్కొక్కటి కొంటే సరిపోతుంది. మొదటి భాగానికి తెలుగు అనువాదం కూడా వచ్చింది. దొరికితే అదీ తెప్పించాలి, ఇంగ్లిషు నవలకు జంకే పిల్లలకు అదే మెట్టు. మధ్యలో ఏ భాగం పోయినా వెంటనే మళ్ళీ కొనాలి. మూడోది లేకపోతే చదువు అక్కడితో ఆగిపోతుంది, నాలుగోది అడిగేవారుండరు.

ఇక కార్యక్రమాల సంగతి. నవలలోని మంత్రాల బడిలోలా పిల్లల్ని నాలుగు హౌస్‌లుగా, అంటే జట్లుగా, విడదీయడానికి ఇంటర్నెట్‌లో దొరికే స్వభావ ప్రశ్నావళులు వాడొద్దు. అందరూ హ్యారీ ఉండే గ్రిఫిండోర్ కోరుకుంటారు, చెడ్డపేరున్న స్లిథరిన్ వచ్చిన పిల్ల ముఖం ముడుచుకుంటుంది, తోటివాళ్ళు ఏడాదంతా ఆ పేరుతో ఏడిపిస్తారు. నాలుగు రంగుల్లో పదేసి చీటీలు డబ్బాలో వేసి తీయించండి. ఇష్టంలేనివాళ్ళకు ఒక్కసారి మార్చుకునే వీలివ్వండి. నవలలో ఎవరు ఏ హౌసో తేల్చే మంత్రపు టోపీ కూడా స్లిథరిన్ వద్దన్న హ్యారీ కోరికను మన్నించింది కదా.

నిధి వేటకు లైబ్రరీయే సరైన చోటు. పుస్తకాలను విషయాలవారీగా సర్దే డ్యూయీ అంకెలు రాసిన లైబ్రరీలో ఎనిమిది మజిలీలు ఇట్టే కుదురుతాయి: గుడ్లగూబకు 598, మంత్రపు కషాయాలకు రసాయనశాస్త్రం 540, నక్షత్రాల పాఠానికి 520, మాంత్రికుల కథలకు 398.2, గారడీకి 793.8, మొక్కలకు 580, చీపుళ్ళమీద ఎగురుతూ ఆడే క్విడిచ్‌కు ఆటల 796, రైలుకు 385. అంకెలు లేనిచోట బీరువా, అర నంబర్లు చాలు. ఐదుగురు చొప్పున ఎనిమిది జట్లు చేసి, ఒక్కో జట్టును ఒక్కో మజిలీ దగ్గర మొదలుపెట్టించాలి. అందరినీ ఒకే చోటినుంచి వదిలితే ఆ బీరువా మీద పడతారు, నలుగురు వెతుకుతుంటే ముప్ఫై ఆరుగురు గోల చేస్తారు. నాలుగు నిమిషాలకోసారి గంట కొడితే వేట 32 నిమిషాల్లో అయిపోతుంది, 45 నిమిషాల పీరియడ్‌లో సర్దుకోవడానికీ సమయం మిగులుతుంది. ఆధారం చీటీని అర అంచుకు టేపుతో అంటించాలి. విడిగా పెడితే మొదటి జట్టే జేబులో వేసుకుపోతుంది. తీసిన పుస్తకాన్ని పిల్లలు అరలో పెట్టకూడదు, పక్కనున్న బల్లమీదే ఉంచాలి. తప్పు అరలో దూరిన పుస్తకం మళ్ళీ దొరకడానికి నెలలు పడుతుంది.

క్విజ్ పెడితే సినిమాలు చూసినవాళ్ళే గెలుస్తారు. దానికి విరుగుడు నవలకూ సినిమాకూ తేడా ఉన్నచోట అడగడం. పీవ్స్ అనే అల్లరి దయ్యం సినిమాల్లో కనిపించదు. నాలుగో భాగంలో నీళ్ళలో ఊపిరాడటానికి పనికొచ్చే మొక్కను హ్యారీకి నవలలో ఇంటిపనులు చేసే మాయజీవి డాబీ ఇస్తాడు, సినిమాలో తోటి విద్యార్థి నెవిల్ ఇస్తాడు.

అన్నిటికన్నా మంచి ఆట మొదటి నవలలోని ఏడు సీసాల చిక్కుప్రశ్న. ఇదీ సినిమాలో లేదు. మూడింటిలో విషం, రెండింటిలో సారా, ఒకటి మంత్రపు మంటల్లోంచి ముందుకు పంపేది, ఒకటి వెనక్కి పంపేది. ఆధారాలు నాలుగు. సారా సీసాకు ఆనుకుని ఎడమపక్క ఎప్పుడూ విషం ఉంటుంది. రెండు కొసల్లోనివీ వేర్వేరు, ఏదీ ముందుకు పంపదు. అన్నిటికన్నా పొట్టిదాంట్లో గానీ పెద్దదాంట్లో గానీ విషం లేదు. ఎడమనుంచి రెండోది, కుడినుంచి రెండోది ఒకటే. అయితే ఏ సీసా ఎక్కడుందో నవలలో పూర్తిగా చెప్పలేదు, అందుకే చదివి విప్పబోయినవాళ్ళు తలపట్టుకుంటారు. బల్లమీద అమర్చేటప్పుడు పెద్ద సీసాను రెండో చోట, పొట్టిదాన్ని మూడో చోట పెట్టండి. అప్పుడు ఒక్క జవాబే వస్తుంది: విషం, సారా, ముందుకు, విషం, విషం, సారా, వెనక్కి. సీసాల్లో రంగునీళ్ళు పోసి మూతలు బిగించి టేపు చుట్టాలి, లేకపోతే ఎవరో ఒకరు తాగి చూస్తారు. చిన్న పిల్లలకు సారా మాట వద్దనుకుంటే చింతపండు రసం అనండి, తర్కం మారదు.

కషాయాల ప్రదర్శన మాత్రం వరండాలోనే, పుస్తకాలకు దూరంగా. గుప్పెడు శంఖుపూలు రెండు గ్లాసుల వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి వడకడితే నీలం వస్తుంది. నిమ్మరసానికి అది ఊదాకు తిరుగుతుంది, తినేసోడాకు ఆకుపచ్చవైపు వెళ్తుంది. పసుపు నీళ్ళు సబ్బుకు ఎర్రబడతాయి, కానీ పసుపు మరక కాగితం మీంచి పోదు.

ఒక జాగ్రత్త. మొదటి మూడు భాగాలు ఆరో తరగతి నుంచి ఇవ్వొచ్చు. నాలుగోదాంట్లో ఒక విద్యార్థి చనిపోతాడు, అక్కడినుంచి కథ చీకటవుతుంది, ఐదోది అన్నిటికన్నా లావు. ఇవి ఎనిమిదో తరగతి దాటినవాళ్ళకు నయం. గోడమీది చార్టుల్లో చివరి భాగాల మరణాలు రాసి చదవబోయేవాళ్ళ ఆసక్తి చంపొద్దు.

ఆ సాయంత్రమే పేర్లు రాయించుకుని మొదటి భాగానికి వరుస జాబితా తలుపుకు అంటించాలి. డిసెంబరు చివర ఇష్యూ రిజిస్టరు తీసి రెండో భాగం ఎంతమంది పట్టుకెళ్ళారో చూడండి. ఒక్కరూ లేకపోతే వచ్చే ఏడు కోట కట్టనక్కర్లేదు.

– ఒక పాఠశాల గ్రంథపాలకుడు, గుంటూరు