లాయర్లను, బ్యాంకర్లను ఒకే క్లాసులో కూర్చోబెట్టండి: పరిశ్రమల మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర పరిశ్రమలు, ఐటీ శాఖల మంత్రి గారికి,

నమస్కారం.

2024 సెప్టెంబరులో మీ ప్రభుత్వం డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లలకు బ్యాంకింగ్, ఫైనాన్స్, ఇన్సూరెన్స్ రంగాల్లో శిక్షణ మొదలుపెట్టింది. మంచి పని, దానిమీద నాకు పేచీ లేదు. నేను రాస్తున్నది ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్న పెద్దవాళ్ల గురించి. బ్యాంకుల్లో విదేశీ రుణాల ఫైళ్లు చూసే ఆఫీసర్లు, వాళ్లకు లీగల్ ఒపీనియన్ రాసిచ్చే అడ్వకేట్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. అంతర్జాతీయ ఫైనాన్స్ చట్టం వీళ్లకు పద్ధతిగా నేర్పిన చోటు మాత్రం లేదు. ఎవరి తంటాలు వాళ్లు పడి నేర్చుకున్నదే.

నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు ఫారెక్స్ (విదేశీ మారకం) విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. చిన్న ఎగుమతి కంపెనీలవాళ్లు కాగితాలు పట్టుకుని వస్తే ఇప్పటికీ చూసిపెడుతుంటాను. ఆమధ్య జీడిమెట్లలో బల్క్ డ్రగ్స్ తయారుచేసే ఆయన ఒకరు డాలర్ రుణం అగ్రిమెంటు తెచ్చారు. వందకు పైగా పేజీలు. వడ్డీ రేటు ఉన్న చోట మాత్రం పెన్నుతో గుండ్రంగా చుట్టి ఉంది, మిగతా పేజీల్లో ఎక్కడా పెన్ను గీత లేదు. లోపల క్రాస్ డిఫాల్ట్ క్లాజు ఉంది. కంపెనీ మరే అప్పులోనైనా గడువుకు కట్టకపోతే ఈ డాలర్ అప్పు కూడా ఎగవేసినట్టే లెక్క, మొత్తం ఒకేసారి కట్టమనవచ్చు అని దాని సారాంశం. ఈయన క్యాష్ క్రెడిట్ ఖాతా లోకల్ బ్రాంచిలో మూడు నెలలకోసారి నాలుగు రోజులు లిమిట్ దాటుతుంది. బ్రాంచి మేనేజరు ఫోన్ చేస్తాడు, ఈయన సర్దుతాడు, కథ అక్కడితో అయిపోతుంది. అదే నాలుగు రోజులు విదేశంలో కూర్చున్న అప్పిచ్చినవాడికి ఆయుధం అవుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ క్లాజుకు ఒక కనీస మొత్తం పెట్టమని, కొన్ని రోజుల గడువివ్వమని బేరమాడవచ్చనీ చెప్పలేదు. లాయరు ఒపీనియన్ రెండు పేజీలు ఉంది, అంతా సక్రమంగానే ఉందని.

ఆ లాయరు గారిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. మన ప్యానెల్ అడ్వకేట్లకు ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు చూపే పత్రం) ఇచ్చి చూడండి. లింకు డాక్యుమెంట్లలో ఎక్కడ తేడా ఉందో పది నిమిషాల్లో పట్టేస్తారు. వాళ్ల చదువు, అనుభవం అంతా భూమి మీదే. బ్యాంకు ఫీజు ఇచ్చేదీ దానికే.

బ్యాంకర్ల కథ ఇంకో రకం. ఎల్‌సీల (సరుకు కొన్నవాడి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీల) విషయంలో మనవాళ్లు గట్టివాళ్లు. వాటికి 2007 నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 అనే అంతర్జాతీయ నిబంధనలు మా ట్రైనింగ్ కాలేజీల్లో నూరిపోస్తారు. బ్యాంకు చూసేది కాగితాలనే గానీ సరుకును కాదని ఫారెక్స్ క్లర్కును అడిగినా చెబుతాడు. కానీ సరుకు బాగాలేదు కాబట్టి ఎల్‌సీ డబ్బు ఆపమంటూ కోర్టులో ఇంజంక్షన్ పిటిషన్ పడితే, ఎందుకు ఆపకూడదో బ్యాంకు తరఫు లాయరుకు వివరించే ఓపిక, భాష ఆ ఆఫీసరుకు ఉండవు. లాయరు ఆ నిబంధనలు అంతకుముందు చూసి ఉండడు. చెరో సగం తెలిసిన ఇద్దరు వాయిదా రోజు కోర్టు వరండాలో తొలిసారి కలుస్తారు.

ఇదంతా పెద్ద కంపెనీల గొడవ అనుకోకండి సార్. గల్ఫ్‌కు మనుషులు వెళ్లే కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల సంగతి చూడండి. 2020 జనవరిలో కేంద్రం యూఏఈని సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) 44ఏ సెక్షన్ కింద నోటిఫై చేసింది. అంటే అక్కడి కోర్టులు డబ్బు గురించి ఇచ్చిన డిక్రీని మన జిల్లా కోర్టులో నేరుగా ఈపీ (అమలు పిటిషన్) వేసి అమలు చేయించుకోవచ్చు. దుబాయ్‌లో బ్యాంకు లోనో, క్రెడిట్ కార్డు బాకీయో వదిలేసి వచ్చినవాడి ఊరి ఇంటి దాకా ఆ డిక్రీ రాగలదు. దాన్ని ఎదుర్కొనే దారీ చట్టంలోనే ఉంది. కేసు మంచిచెడ్డల్లోకి వెళ్లకుండా ఇచ్చిన తీర్పు అయినా, సహజ న్యాయానికి విరుద్ధంగా ఇచ్చింది అయినా 13వ సెక్షన్ కింద అభ్యంతరం చెప్పవచ్చు. జిల్లా బార్‌లో ఎంతమంది ఈ రెండు సెక్షన్లనూ కలిపి చదివారు? అప్పుచేసిన కుర్రాడి దగ్గరికి వచ్చేసరికి ఇది అచ్చమైన అంతర్జాతీయ ఫైనాన్స్ చట్టమే.

అదే 44ఏ సెక్షన్ బ్యాంకరుకూ కావాలి. దాని కింద నోటిఫై అయిన దేశాల జాబితాలో బ్రిటన్, సింగపూర్ ఉన్నాయి, అమెరికా లేదు. న్యూయార్క్ కోర్టు తీర్పు పట్టుకుని వచ్చినవాడు ఇక్కడ దాని ఆధారంగా మళ్లీ దావా వేసుకోవాల్సిందే. అందుకని అగ్రిమెంటులో "ఇంగ్లండ్ కోర్టులు" అని ఉన్నదానికీ "న్యూయార్క్ కోర్టులు" అని ఉన్నదానికీ తేడా ఏళ్లల్లో ఉంటుంది. ఆ ఒక్క లైను మీద చర్చ జరగడం నా సర్వీసులో బహు అరుదు. స్టాంపు డ్యూటీ సంగతీ అంతే. విదేశంలో సంతకాలైన పత్రం మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించుకోవాలని 1899 నాటి చట్టం చెబుతోంది. పత్రాన్ని బీరువాలో పెట్టి, గొడవ వచ్చాక బయటికి తీసి, సాక్ష్యంగా పనికిరాదని తెలిశాక పెనాల్టీ కట్టడం మనకు అలవాటు.

విదేశీ రుణాల వడ్డీకి కొలమానంగా వాడిన లండన్ రేటు లైబార్ రద్దు సంగతి కూడా ఒక మాట. 2021 తర్వాత దాని మీద ఆధారపడవద్దని బ్రిటన్ నియంత్రణ సంస్థ 2017లోనే చెప్పింది. డాలర్ లైబార్ 2023 జూన్ 30న ఆగిపోయింది. ఆరేళ్ల టైము ఉన్నా, పాత రుణాలను దాని బదులు వచ్చిన సోఫర్ రేటుకు మార్చే సవరణ పత్రాలు వచ్చినప్పుడు మన చిన్న కంపెనీలు పంపినవి పంపినట్టే సంతకాలు చేశాయి. కొత్త రేటు మీద వేసే అదనపు మార్జిన్ ఎంత, ఎందుకు అని అడిగే మనిషి పక్కన లేడు మరి.

ఇప్పుడు నేను కోరేది. కొత్త భవనం వద్దు, కొత్త యూనివర్సిటీ అసలే వద్దు. షామీర్‌పేటలో 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. మాసాబ్ ట్యాంక్‌లో రిజర్వు బ్యాంకు 1996లో పెట్టిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ ఉంది. 2021 డిసెంబరులో మొదలైన అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రం ఉంది. ఈ ముగ్గురినీ ఒక టేబుల్ దగ్గరికి తేగలిగింది మీరే. వాళ్లంతట వాళ్లు కలవరు, నాకు తెలిసినంతలో ఈ ఊళ్లో ఏ రెండు సంస్థలూ అలా కలవవు.

ఆరు నెలల కోర్సు, వారానికి రెండు సాయంత్రాలు చాలు. క్లాసు సిటీలోనే పెట్టాలి, కోర్టు ముగించుకుని ట్రాఫిక్‌లో షామీర్‌పేట దాకా ఎవరూ పోలేరు. సీట్లలో సగం లాయర్లకు, సగం బ్యాంకర్లకు. ఈ నియమం సడలిస్తే కోర్సు వృథా. చట్టాల చరిత్ర, స్వాగతోపన్యాసాలు, శాలువాలు వద్దు. పేర్లు కొట్టేసిన నిజమైన రుణ ఒప్పందం ఒకటి తీసుకుని మొదటి క్లాజు నుంచి చివరి క్లాజు దాకా చదివించాలి. లాయరు బ్యాంకు పక్షాన, బ్యాంకరు అప్పు తీసుకునేవాడి పక్షాన కూర్చుని బేరమాడాలి. డెరివేటివ్ లావాదేవీలకు వాడే నమూనా ఒప్పందం ఐఎస్‌డీఏ మాస్టర్ అగ్రిమెంటు, ఇరువైపుల బాకీలు చెల్లుపెట్టుకుని మిగిలింది కట్టుకునే 2020 నాటి నెట్టింగ్ చట్టం, ఫెమా (విదేశీ మారకం చట్టం) కింద విదేశీ రుణాల నిబంధనలు అన్నీ అదే వరుసలో వస్తాయి. చెప్పేవాళ్లకు కొరత లేదు. నానక్‌రామ్‌గూడ, గచ్చిబౌలి విదేశీ బ్యాంకుల ఆఫీసుల్లో రాత్రిళ్లు ఇవే కాంట్రాక్టులు చూసే మనవాళ్లు ఉన్నారు. పిలిస్తే వస్తారు. గౌరవంగా, టైముకు పిలవాలి, అంతే.

ఫీజు విషయంలో ప్రభుత్వం చేయి పెట్టాలి. బ్యాంకర్లకు వాళ్ల బ్యాంకులే కడతాయి. జిల్లా బార్ల నుంచి వచ్చేవాళ్లకు, ప్రభుత్వ న్యాయ విభాగం అధికారులకు మాత్రం మీరే కట్టాలి. ఔటర్ రింగ్ రోడ్డుకు జపాన్ ప్రభుత్వ సంస్థ జైకా రుణం తెచ్చుకున్న ఊరు మనది. రేపు ఇంకో ప్రాజెక్టుకు తెచ్చుకుంటే ఆ పత్రాలు చదవగలిగినవాళ్లు మన సెక్రటేరియట్లోనే ఉండాలి కదా. చార్టర్డ్ అకౌంటెంట్లకు ఏటా ఇన్ని గంటలు చదవాలని వాళ్ల సంస్థ నిబంధన పెట్టింది. అడ్వకేట్లకు అలాంటిదేమీ లేదు. అది బార్ కౌన్సిల్ చూసుకోవాల్సిన విషయం, మీ చేతిలో లేదు. అప్పటిదాకా వచ్చేవాళ్లకు దారి చూపించడం మాత్రం మీ చేతిలో ఉంది.

ఈ కోర్సుతో లండన్, సింగపూర్ల పని హైదరాబాద్‌కు వచ్చేస్తుందని నేను అనను. అప్పిచ్చేవాడు తనకు నచ్చిన చట్టమే అడుగుతాడు. కాకపోతే మనవైపు కూర్చున్నవాడు పత్రం చదివి, నాలుగు చోట్ల పెన్ను ఆపి, ఇది మార్చండి అని అడగగలగాలి. ఆర్బిట్రేషన్ సింగపూర్‌లోనే ఎందుకు, హైదరాబాద్‌లో ఎందుకు కాదు అని కూడా అడగాలి. అడిగిన ప్రతిసారీ ఒప్పుకోకపోవచ్చు. ఇప్పుడైతే అడిగేవాడే లేడు.

రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల సమావేశం ఎలాగూ మూడు నెలలకోసారి జరుగుతుంది. వచ్చే సమావేశం అజెండాలో ఈ కోర్సును ఒక ఐటమ్‌గా పెట్టించండి. ఆ రోజు నల్సార్ నుంచి ఒకరిని, హైకోర్టు బార్ అసోసియేషన్ నుంచి ఒకరిని పిలిపించండి. ఒక్కో బ్యాంకు ఎంతమంది ఆఫీసర్లను పంపుతుందో అక్కడే రాయించుకోండి. మర్నాటికి వాయిదా వేస్తే ఎవరూ రాయరు, నలభై ఏళ్లు ఆ మీటింగుల చుట్టూ తిరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

భవదీయుడు,
ఒక రిటైర్డ్ బ్యాంకు అధికారి
మలక్‌పేట, హైదరాబాద్