కొట్టుకుపోయిన జీవాలకు పరిహారం ఏది?

సంపాదకులకు నమస్కారం.

2024 ఆగస్టు 31 రాత్రి పడ్డ వానకు ఖమ్మం, మహబూబాబాద్, సూర్యాపేట జిల్లాల్లో వాగులు ఊళ్ల మీద పడ్డాయి. మునిగిన ఇళ్ల గురించి, ఇసుక మేట వేసిన పొలాల గురించి పత్రికలు బాగానే రాశాయి. జీవాలు, అంటే గొర్రెలు మేకలు, పోగొట్టుకున్న గొల్లకురుమల గోడు మాత్రం పెద్దగా ఎవరికీ పట్టలేదు.

మా మేనమామ మంద ఆ రాత్రి వాగు పక్క చేనులో ఉంది. ఎరువు కోసం రైతులు చేలల్లో మంద పెట్టించుకోవడం మా వైపు మామూలే. తెల్లారేసరికి చుట్టూ కట్టిన వలతో సహా మంద లేదు. నీళ్లు తీశాక తుమ్మ కంపలకు చిక్కుకున్న ఎనిమిది కళేబరాలు దొరికాయి, అందులో రెండు సూడి గొర్రెలు. సిబ్బంది వచ్చి ఆ ఎనిమిదింటికే ఫొటోలు తీసి పంచనామా రాశారు. మిగతా డెబ్బై దాకా ఏమైనట్టు? కళేబరం చూపిస్తేనే రాస్తామన్నారు. వాళ్లనూ అనడానికి లేదు, రేపు ఆడిట్‌లో అడిగితే సమాధానం చెప్పుకోవాల్సింది వాళ్లే. కానీ వరదలో కొట్టుకుపోయిన గొర్రెను కాపరి ఎక్కణ్నుంచి తెచ్చి చూపిస్తాడు?

కేంద్ర విపత్తు సాయం నిబంధనల్లో ఉన్నది, రాష్ట్రం నియమించిన అధికారి నష్టాన్ని ధ్రువీకరించాలన్న మాట. ఎలా ధ్రువీకరించాలో రాష్ట్రమే తేల్చుకోవచ్చు. ఆధారం లేకా కాదు. పశుసంవర్ధక శాఖ నట్టల మందు (కడుపులో పురుగులు పోయే మందు) తాపించినప్పుడు ఎవరి మందలో ఎన్ని తలలున్నాయో రాసుకుంటుంది. ఆ లెక్కలోంచి బతికున్నవి తీసేసి, ఊళ్లో నలుగురి వాంగ్మూలం తీసుకుంటే సరిపోదా?

అమెరికాలో ఇలాంటిదే చేస్తున్నారు. 2013 అక్టోబరులో సౌత్ డకోటాలో మంచు తుపానుకు వేలకు వేల పశువులు చచ్చిపోయాయి. అప్పటికి అక్కడి వ్యవసాయ చట్టం గడువు తీరిపోయి, పెంపకందార్లకు సాయం చేసే పథకమే లేదు. 2014లో చట్టం తెచ్చి, వెనకటి నష్టానికీ వర్తింపజేశారు. సగటు మార్కెట్ ధరలో 75 శాతం ఇస్తారు. కాగితాలు లేకపోతే, ఆ పశువులతో లాభనష్టాలు లేని మూడో మనిషి రాసిచ్చినా ఒప్పుకుంటారు. ముందు మంద ఎంతుందో చూపించాలి, అంతే.

ఇక ఇచ్చే డబ్బు చూడండి. 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం పెట్టిన లెక్క గొర్రెకు 4,000 రూపాయలు. ఆ వరదల తర్వాత తెలంగాణ 5,000, ఆంధ్రప్రదేశ్ 7,500 ప్రకటించాయి. మరి గొర్రెల పంపిణీ పథకంలో 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి యూనిట్ ధరను తెలంగాణ ప్రభుత్వమే చివరికి 1.75 లక్షలు చేసింది. అంటే తలకు 8,300 పైనే. ఇచ్చేటప్పుడు ఒక ధర, చచ్చిపోతే ఇంకో ధరా?

అన్నిటికంటే అన్యాయం పరిమితి. ఎన్ని పోయినా కుటుంబానికి 30 జీవాలకు మించి ఇవ్వకూడదని కేంద్రం ఆ నిబంధనల్లో రాసిపెట్టింది. రెండు మూడు బర్రెలున్న ఇంటికి మూడు బర్రెల పరిమితి సరిపోవచ్చు. మందనే నమ్ముకున్నవాడికి వంద గొర్రెలు పోతే 30కి లెక్కగట్టడం ఏం న్యాయం? 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెల సంఖ్యలో తెలంగాణది మొదటి స్థానం, సుమారు 1.9 కోట్లు. ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. ఈ పరిమితి గురించి ఢిల్లీలో గట్టిగా అడగాల్సింది ఈ రెండు రాష్ట్రాలే.

వలస మందల కష్టం ఇంకో రకం. పాలమూరు కాపరి మేత కోసం వేరే జిల్లాకు పోయినప్పుడు అక్కడ జీవాలు కొట్టుకుపోతే, ఏ మండలం తహసీల్దారు రాసివ్వాలి? ఇక్కడివాళ్లు అక్కడికి, అక్కడివాళ్లు ఇక్కడికి పంపిస్తూ ఉంటే అర్జీ గడువు దాటిపోతుంది. నష్టం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేసి, డబ్బు కాపరి ఖాతాలో వేయాలి.

పాత నిబంధనల కాలం 2025-26 వరకే. కొత్తవాటిలో 30 పరిమితి ఎత్తేయాలని రెండు ప్రభుత్వాలూ కేంద్రానికి రాయాలి. కళేబరం దొరకని జీవాలను నట్టల మందు రిజిస్టరు ప్రకారం లెక్కగట్టాలన్న ఉత్తర్వు మాత్రం ఇక్కడే, వానాకాలం మొదలయ్యేలోపే ఇవ్వొచ్చు. పశుసంవర్ధక శాఖ మంత్రులు దీనిపై స్పందించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, సూర్యాపేట జిల్లా