పిల్లల చేతికి ఆకురాయి కూడా ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం. బడుల్లో పిల్లలకు కిట్లతో పాటు చేతి పనిముట్లు కూడా ఇవ్వమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 31 ఏళ్లు లారీ బాడీలు కట్టాను. ఆ రోజుల్లో కంపెనీ నుంచి ఉత్త ఛాసిస్, అంటే ఇంజనూ చక్రాలూ బిగించిన ఇనుప చట్రం మాత్రమే, వచ్చేది. దానికి తలుపు ఉండదు, పైకప్పు ఉండదు. డ్రైవరు తలకు తువ్వాలు చుట్టుకుని, ఎండలో దుమ్ములో వందల కిలోమీటర్లు తోలుకొచ్చి మా షెడ్డు ముందు ఆపేవాడు. దాని మీద మేం చెక్కా ఇనుమూ వేసి క్యాబిన్, బాడీ కట్టి పంపేవాళ్లం. అన్ని వందల ఛాసిస్‌ల మీద పని చేశాను గానీ, ఒక ఛాసిస్‌ను మొదటి నుంచి చేయడం అంటే ఏమిటో 63 ఏళ్ల వయసులో, మొన్న వేసవి సెలవుల్లో తెలిసింది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి కొడుకు వచ్చి, "తాతయ్యా, రిమోట్ లారీ చేద్దామా?" అన్నాడు. కొనిపెట్టమని కాకుండా చేద్దామా అన్నందుకు నాకు ప్రాణం లేచొచ్చింది.

పెరట్లో చెక్క బల్లకు పాత వైస్ బిగించాను. హ్యాక్సా, గరుకుది ఒకటి నున్నటిది ఒకటి ఆకురాళ్లు, చేతి డ్రిల్, సెంటర్ పంచ్, సుత్తి, మూలమట్టం, స్టీలు స్కేలు, సోల్డరింగ్ ఐరన్. ఇంతకు మించి మా దగ్గర ఏమీ లేవు. పద్నాలుగో వంతు కొలతలో చేయాలనుకున్నాం. చక్రాల నడుమ 4,200 మి.మీ. ఉండే లారీకి ఇందులో 300 వస్తుంది. సుమారు 860 ఉండే ఛాసిస్ వెడల్పుకు 61 వస్తుంది. ఈ భాగహారాలన్నీ వాడే చేశాడు. ప్రతి కొలతా గోడ మీద సుద్దతో రాసి పెట్టాడు.

పొడుగు పట్టెలకు అల్యూమినియం కిటికీలు చేసే షాపులో మిగిలిన ముప్పావు అంగుళం యాంగిల్ ముక్కలు తెచ్చాం. ఒక్కోటి 430 మి.మీ. నడుమ ఐదు అడ్డ పట్టెలు. పెద్ద లారీల దగ్గర మాకో నియమం ఉండేది. ఛాసిస్ పట్టె పైఅంచుకూ కిందిఅంచుకూ రంధ్రం వేయకూడదు, వెల్డింగ్ పెట్టకూడదు. బరువు పడ్డప్పుడు లాగుడూ నొక్కుడూ ఎక్కువగా ఆ అంచుల మీదే ఉంటాయి, చిల్లు పడ్డ చోట పగులు మొదలవుతుంది. అందుకే బాడీని యూ బోల్టులతో కట్టేవాళ్లం. ఈ బుల్లి లారీకి అంత భయం అక్కర్లేదు. అయినా రంధ్రాలన్నీ నిలువు ముఖానికే వేయించాను. ఎందుకు తాతయ్యా అని అడిగితే స్టీలు స్కేలును పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి వంచమన్నాను. నిలబెట్టినప్పుడు అసలు వంగలేదు, బరువు మోసేది పైఅంచూ కిందిఅంచూ అని అర్థమై మళ్లీ అడగలేదు.

మొదటి ఫ్రేము పాడైంది. తొందరలో సెంటర్ పంచ్‌తో గుంట గుర్తు కొట్టకుండానే డ్రిల్ పెట్టాడు. బిట్టు జారి రంధ్రాలు పక్కకు పడ్డాయి. బోల్టులు బిగించాక చూస్తే ఫ్రేము బాగానే ఉన్నట్టు కనిపించింది. అప్పుడు మూల నుంచి మూలకు దారం పట్టి కొలవమన్నాను. రెండు మూలల కొలతకూ 4 మి.మీ. తేడా వచ్చింది. అంటే ఒక పట్టె రెండోదాని కంటే 2 మి.మీ. ముందుకు జరిగింది. అలాగే వదిలేస్తే ఇరుసులు వంకరగా కూర్చుంటాయి, బండి జీవితాంతం ఒక పక్కకే లాగుతుంది. వాడి ముఖం చిన్నబోయింది. ఊడదీసి కొత్త యాంగిల్ కోశాం. రెండో ఫ్రేముకు తేడా అర మిల్లీమీటరు లోపే వచ్చింది. ఆ సాయంత్రం వాడు ఇంట్లో తలుపులకూ కిటికీలకూ కూడా మూల నుంచి మూలకు దారం పట్టి చూసుకున్నాడు.

లారీ కుదుపులు మింగే కమాను పట్టీల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చెక్క పెట్టెలకు చుట్టే అర అంగుళం స్టీలు పట్టీ ఉంటుంది కదా, అది మంచి స్ప్రింగు గుణం ఉన్న ఉక్కు. 95, 75, 55 మి.మీ. ముక్కలు కోసి ఒకదాని కింద ఒకటి పేర్చి నడుమ కట్టాం. మొదట రెండు చివరలనూ ఫ్రేముకు గట్టిగా బిగించాడు. చేత్తో నొక్కితే అసలు కదల్లేదు. ఇద్దరం దాని ముందు చాలాసేపు కూర్చున్నాం. నాకు కారణం తెలుసు, కానీ నోరు మూసుకున్నాను. ఓ అరగంటకు వాడే, "వంపు చదునైతే పట్టీ పొడుగవుతుంది తాతయ్యా, దానికి జరిగే చోటు లేదు" అన్నాడు. పెద్ద లారీలో కమాను చివర షాకిల్, అంటే ముందుకూ వెనక్కీ ఊగే చిన్న పట్టె, ఉండేది అందుకే. చిన్న రేకు ముక్కలతో షాకిళ్లు చేసి వెనక చివర వేలాడదీశాక కమాను ఊగింది. బడి పాఠంలో ఇది నాలుగు లైన్లలో అయిపోతుందేమో, ఆ అరగంట వాడికి ఎక్కడ దొరుకుతుంది?

వెనక ఇరుసు ఒక పాడైన ప్రింటర్‌లోంచి వచ్చింది. 8 మి.మీ. కడ్డీ అది, స్కేటింగ్ చక్రాల్లో వేసే 608 బేరింగుల్లో సరిగ్గా పట్టింది. ఒకే పళ్ల లెక్క ఉన్న గేర్లు రెండు కూడా అందులోనే దొరికాయి. మలుపులో రెండు చక్రాలూ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ చేయడం మా పనిముట్లతో అయ్యేది కాదు. అందుకని ఒక చక్రాన్ని ఇరుసుకు బిగించి, రెండోదాన్ని స్వేచ్ఛగా తిరగనిచ్చాం. కొద్దిగా ఒక పక్కకు లాగుతుంది, రిమోట్ మీద స్టీరింగ్‌ను కొద్దిగా సరిచేసే ట్రిమ్‌తో సరిపెట్టుకోవచ్చు. చక్రాలు ట్రాలీల కింద వేసే 3 అంగుళాల రబ్బరువి.

స్టీరింగ్ దగ్గర నేను కూడా కొత్తగా నేర్చుకున్నాను. మలుపులో లోపలి చక్రం ఎక్కువ, బయటిది తక్కువ తిరగాలి. ముందు చక్రాలు తిరిగే కీలు పిన్నుల (కింగ్ పిన్నుల) నుంచి, రెండు చక్రాలనూ కలిపే కడ్డీ (టై రాడ్) బోల్టుల మీదుగా గీసిన రెండు గీతలూ వెనక ఇరుసు మధ్యలో కలిస్తే అది దాదాపు సరిగ్గా కుదురుతుంది. ఈ పద్ధతికి 1818లో ఇంగ్లండ్‌లో పేటెంట్ తీసుకున్న ఆకర్మన్ పేరే నిలిచిపోయిందని వాడే చదివి చెప్పాడు. మా కింగ్ పిన్నుల నడుమ దూరం 130 మి.మీ. కాబట్టి కింగ్ పిన్ను నుంచి టై రాడ్ దాకా ఉండే 25 మి.మీ. స్టీరింగ్ పట్టెను 5 మి.మీ. పైచిలుకు లోపలికి వంచాం.

బయట కొన్నవి ఐదు: గేర్ మోటారు, స్టీరింగ్ తిప్పే సర్వో మోటారు, రివర్స్ ఉన్న స్పీడ్ కంట్రోలర్, 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్ రిసీవర్‌తో సహా, మూడు సెల్లుల లిథియం బ్యాటరీ చార్జరుతో. బ్యాటరీ విషయంలో మాత్రం నేను కఠినంగా ఉన్నాను. సెల్లుకు 4.2 వోల్టులు దాటకూడదు, పెద్దవాళ్లు దగ్గర లేకుండా చార్జింగ్ పెట్టకూడదు. మోటారు నిమిషానికి 200 చుట్లు తిరుగుతుంది, గేర్లు రెండూ ఒకటే లెక్క కాబట్టి చక్రమూ అంతే. చక్రం చుట్టుకొలతతో హెచ్చవేస్తే నిమిషానికి 47 మీటర్లు, గంటకు 2.8 కిలోమీటర్లు. దాన్ని 14తో హెచ్చవేసి, "నిజం లారీ అయితే గంటకు 40 తాతయ్యా, లోడు బండి లెక్క" అన్నాడు. రెండు కిలోల బియ్యం మూట మీద పెట్టుకుని మా డాబా మీద ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లింది.

ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ తర్వాత జరిగింది. బడులు తెరిచాక సైన్స్ ప్రదర్శనకు ఆ ఛాసిస్‌ను తీసుకెళ్లాడు. చూడటానికి వచ్చినవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "ఇది ఏ కిట్టు?" కిట్టు కాదండీ, చేశాం అన్నాడట. ఫారంలో కిట్టు పేరు రాసే గడి ఖాళీగా ఉంది, పైగా రంగు కూడా వేయలేదని దాన్ని వరసలోంచి తీసి బల్ల కింద పెట్టారు. వరసలో ఉంచినవన్నీ పెట్టెలోంచి తీసి గంటలో బిగించినవి. ఆ పిల్లలనూ తప్పు పట్టను, వాళ్ల చేతికి అవే ఇచ్చారు. మావాడు ఇంటికొచ్చి లారీని అలమరలో పెట్టేశాడు. రెండు వారాలు బయటికి తీయలేదు. నాకు ఆ రెండు వారాలూ అన్నం సహించలేదు.

బడుల్లో పిల్లలు చేత్తో చేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబులకు కేంద్రం ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తోంది. అవి ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం. ఆ సామాను జాబితాలో 3డీ ప్రింటర్‌తో పాటు మెకానికల్ పనిముట్లూ, కొలత పరికరాలూ ఉన్నాయి. ప్రింటర్ వద్దని నేను అనను, మా కింగ్ పిన్ బ్లాకులు దాని మీద అయితే ఇంకా బాగా వచ్చేవి. కానీ ఆ పనిముట్ల పెట్టె తాళం కూడా తీయండి. చెయ్యి తెగుతుందనే భయంతో హ్యాక్సా దాచేస్తున్నారేమో. పిడి ఉన్న ఆకురాయి, కళ్లకు రక్షణ అద్దాలు, పక్కన ఒక అనుభవం ఉన్న మనిషి ఉంటే ఎనిమిదో తరగతి పిల్లవాడు భేషుగ్గా పని చేస్తాడు. ప్రదర్శన ఫారంలో కిట్టు గడి పక్కన "సొంతంగా చేసినది" అని ఇంకో గడి పెట్టండి. మార్కులు వేసేటప్పుడు పాడైన మొదటి ఫ్రేమును కూడా తెచ్చి చూపించమనండి.

ఇక మనుషులు ఎక్కడ దొరుకుతారంటారా? ఆటోనగర్‌లో ఫిట్టర్లు, టర్నర్లు, కమాను మేస్త్రీలు, వడ్రంగులు నా వయసు వాళ్లు ఎందరో పని మానేసి ఇళ్లలో కూర్చున్నారు. వారానికి ఒక గంట బడికి రమ్మంటే కాదనేవాళ్లు తక్కువ.

మావాడు పోయిన ఆదివారం లారీని మళ్లీ బయటికి తీశాడు. కొండపల్లి నుంచి తెల్లపొణికి చెక్క తెచ్చాను, క్యాబిన్ మొదలుపెట్టాం. తలుపులు కోయడం నా పని, ఛాసిస్ ఇక పూర్తిగా వాడిదే. చుట్టుపక్కల ఏ బడి అయినా పిలిస్తే శనివారం మధ్యాహ్నాలు నాకు ఖాళీ. వైస్ నేనే తెచ్చుకుంటాను.

ఒక విశ్రాంత లారీ బాడీ కార్మికుడు,
పటమట, విజయవాడ