పిల్లల ఫుట్‌బాల్‌లో గోల్స్ తేడా లెక్క మార్చండి

గౌరవనీయులైన సంపాదకుడు గారికి,

నమస్కారం. ఈమధ్య తిరుపతిలో అండర్-14 ఫుట్‌బాల్ పోటీలు జరుగుతుంటే మనవడి ఆట చూడ్డానికి వెళ్లాను. వాడి జట్టు 16–0తో గెలిచింది. మావాడు మూడు గోల్స్ కొట్టాడు. కానీ నా కళ్ల ముందు నిలిచిపోయింది మాత్రం అవతలి జట్టు గోల్‌కీపర్. పదకొండో గోలో పన్నెండో గోలో పడ్డాక ఆ పిల్లవాడు వలలోంచి బంతి తీసి విసురుతూ రిఫరీని అడిగాడు: "ఇంగెంతసేపుంది సార్?"

ఆ పిల్లలు దూరపు మండలంలోని ప్రభుత్వ హైస్కూల్ నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చారు. అలాంటి బళ్లలోనే నేను 30 ఏళ్లు పీఈటీగా పనిచేశాను కాబట్టి ఆ జట్టు ఎట్లా తయారవుతుందో నాకు తెలుసు. బడికంతా ఒకటో రెండో బంతులు. కబడ్డీ ఆడేవాళ్లు నలుగురు, వాలీబాల్ నుంచి ముగ్గురు, బాగా పరుగెత్తే ఇంకో నలుగురు. బూట్లు అందరికీ ఉండవు. మా మనవడి జట్టుకేమో రోజూ సాయంత్రం టర్ఫ్ మీద కోచింగ్. తేడా ఎంతుందో పది నిమిషాల్లోనే అందరికీ తెలిసిపోయింది. అయినా మా కోచ్ మైదానం గీత దగ్గర నిలబడి "ఇంకా కొట్టండి" అని అరుస్తూనే ఉన్నాడు. పెద్దవాళ్లం చప్పట్లు కొడుతూనే ఉన్నాం. ఏడో గోల్ దాకా నేనూ కొట్టాను. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

ఆట అయ్యాక కోచ్‌ని పక్కకు పిలిచి అడిగాను. "గ్రూపులో పాయింట్లు సమానమైతే గోల్స్ తేడా చూస్తారు సార్. ఇక్కడ ఆపితే రేపు మేమే బయటికి పోతాం" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే, కొట్టిన గోల్స్‌లోంచి తిన్నవి తీసేస్తే మిగిలేదే ఆ తేడా. పెద్దల టోర్నమెంట్ల లెక్క తెచ్చి పదమూడేళ్ల పిల్లల మీద పెట్టాం. తప్పు అక్కడుంది.

ఫ్రీస్టైల్ కుస్తీలో పది పాయింట్ల తేడా రాగానే పోటీ ముగిస్తారు. బాక్సింగ్‌లో రిఫరీ ఆపేస్తాడు. ఫుట్‌బాల్ నిబంధనల్లో అలాంటిదేమీ లేదు. 2001లో ప్రపంచకప్ క్వాలిఫయింగ్ మ్యాచ్‌లో ఆస్ట్రేలియా 31–0తో పసిఫిక్ సముద్రంలోని చిన్న దీవుల జట్టు అమెరికన్ సమోవాను ఓడించింది. ఒక్క ఆర్చీ థాంప్సనే 13 గోల్స్ కొట్టాడు. ఆ తర్వాత ఓషియానియా దేశాల ఫుట్‌బాల్ సమాఖ్య బలహీన జట్లకు ముందుగా విడి రౌండ్ పెట్టింది. ఆ రోజు 31 గోల్స్ తిన్న గోల్‌కీపర్ నిక్కీ సలాపు, పదేళ్ల తర్వాత టోంగా మీద అమెరికన్ సమోవా 2–1తో గెలిచినప్పుడు కూడా గోల్ ముందు ఉన్నాడు. తమ స్థాయి జట్టు ఎదురైతేనే కదా గెలుపు రుచి తెలిసేది!

"పెద్ద ఓటములే పిల్లల్ని గట్టిపరుస్తాయి" అనేవాళ్లున్నారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడింది, మనవాళ్లలో చాలామంది ఒట్టికాళ్లతో ఆడారు. అదే కోచ్, మన హైదరాబాద్ రహీం సాబ్, 1956 ఒలింపిక్స్‌లో జట్టును నాలుగో స్థానానికి, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకానికి తీసుకెళ్లారు. నిజమే. కానీ వాళ్లు దేశమంతా వెతికి ఎంచిన పెద్దవాళ్లు, ఓడి వచ్చాక నేర్పడానికి రహీం సాబ్ ఉన్నారు. మండలం పిల్లలు తిరిగి వెళ్లేది ఒకటో రెండో బంతులున్న బడికి.

మరి బలమైన జట్టు కోచ్ ఏం చేయాలి? నేను ఒకసారి తప్పుగా చేశాను. చిత్తూరులో జరిగిన పోటీలో మా పిల్లలు తొమ్మిది గోల్స్ కొట్టాక, ఇక కొట్టొద్దు, బంతి మీలో మీరే తిప్పుకోండి అన్నాను. అవతలి పిల్లలు బంతి వెంట పరుగెడుతుంటే చూసేవాళ్లు నవ్వారు. వాళ్ల కెప్టెన్ నా దగ్గరికే వచ్చి, "గోలన్నా కొట్టమనండి సార్, ఇట్లా తిప్పించొద్దు" అన్నాడు. అప్పుడు తెలిసింది, ఆట ఆపకూడదు, మన పిల్లలకే ఆట కష్టం చేయాలి. ఫార్వర్డ్‌ని డిఫెన్స్‌కి, డిఫెండర్‌ని ముందుకు పంపండి. ఎడమకాలితోనే గోల్ కొట్టాలనండి. పక్క నుంచి వచ్చిన క్రాస్‌ని తలతో కొడితేనే గోల్ అనండి. బెంచీ మీదున్న వాళ్లందర్నీ దించండి. అవసరమైతే ఒకరిని బయటికి పిలిచి పదిమందితో ఆడించండి, నిబంధనల ప్రకారం ఏడుగురున్నా చాలు. ఇవన్నీ చెవిలో చెప్పాలి, మైదానమంతా వినబడేలా కాదు. ఓడుతున్న జట్టు కోచ్ కూడా "వచ్చే పది నిమిషాలు గోల్ పడకుండా చూద్దాం", "ఒక్క కార్నర్ కిక్ సాధిద్దాం" అంటే పిల్లలకు తలెత్తి ఆడటానికి ఒక కారణం దొరుకుతుంది.

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పిల్లల పోటీలు నడిపే పెద్దలకు నా మనవి. అండర్-14 వరకు ఒక మ్యాచ్‌లో ఎన్ని గోల్స్ పడ్డా తేడాను ఐదుకు మించి లెక్కించకండి. అమెరికాలో చాలా పిల్లల టోర్నమెంట్లలో ఇలాంటి పరిమితి ఉంది. కొత్త జట్లకు వేరే రౌండ్ పెట్టండి. బయటికి వచ్చిన పిల్లవాణ్ని మళ్లీ దించనివ్వండి, పిల్లల ఆటలో అందుకు నిబంధనలు ఒప్పుకుంటాయి. టాప్ స్కోరర్ బహుమతి తీసేయండి.

సంపాదకుడు గారూ, మీకూ ఒక మనవి. ఇంగ్లండ్‌లో అండర్-11 వరకు పిల్లల లీగ్ మ్యాచ్ ఫలితాలు ప్రచురించకూడదని వాళ్ల ఫుట్‌బాల్ సంఘం నిబంధన. మీ జిల్లా పేజీలో పిల్లల పోటీల గురించి "చిత్తు చిత్తు", "గోల్స్ వర్షం" అని శీర్షికలు పెట్టకండి. ఆ కాగితం ఓడిన బడికి కూడా వస్తుంది. ఆ రోజు చివరి ఎనిమిది నిమిషాల్లో ఆ గోల్‌కీపర్ రెండు గట్టి షాట్లు ఆపాడు, ఒకటి పూర్తిగా పక్కకు దూకి. మీ విలేకరి ఈసారి మైదానానికి వస్తే అలాంటిది కూడా ఒక వాక్యం రాయమనండి.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
తిరుపతి