బిల్లులో చెట్టు పేరు రాయించండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఇంటి పేజీలో, తలుపులకు హార్డ్‌వుడ్డే వాడాలి, సాఫ్ట్‌వుడ్ మెత్తన కాబట్టి పనికిరాదు అని రాశారు. నాది హిందూపురం. 28 ఏళ్లుగా బెంగళూరులో వడ్రంగం చేస్తున్నాను. ఆ మాట చదివాక ఊరుకోలేకపోయాను.

ఆ రెండు పేర్లూ చెట్టు జాతిని చెబుతాయి, గట్టిదనాన్ని కాదు. వెడల్పాటి ఆకులుండి, పూత పూసి కాయ కాసే చెట్ల కట్టె అంతా హార్డ్‌వుడ్డే. సూదుల్లాంటి ఆకులుండే పైన్, దేవదారు లాంటివి సాఫ్ట్‌వుడ్. లాల్‌బాగ్‌కు వెళ్తే రెండు రకాలూ కనబడతాయి. ఎండాకాలం దూది ఎగరేసే పెద్ద బూరుగు ఈ లెక్కన హార్డ్‌వుడ్. దాని కట్టెలో గోరు దిగుతుంది! పిల్లలు క్రిస్మస్ చెట్టు అని చూపించే ఆరోకేరియా సాఫ్ట్‌వుడ్. బాగా ఆరిన టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగుతుంది. న్యూజిలాండ్ పైన్ 14 దాకా వస్తుంది. బూరుగు టేకులో సగానికి అటూ ఇటూ.

మూడేళ్ల కిందట రామమూర్తి నగర్‌లో ఒక తెలుగు మాస్టారు, రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కట్టుకున్న ఇంటికి ద్వారబంధం చేయమన్నారు. కట్టె ఆయనే కొని తెచ్చారు. బిల్లులో 'హార్డ్‌వుడ్' అని ఉంది, ఏ చెట్టో లేదు. చిత్రిక పడుతుంటే ఒక నిలువు కట్టె అంచున మూడు వేళ్ల మేర తెల్లచెక్క, అంటే బెరడు వైపు ఉండే లేత కట్టె, బయటపడింది. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని నోరు విప్పలేదు. అది నా తప్పు.

పది నెలలకు ఫోన్ చేశారు. "ఏమప్పా, పొద్దున ఊడిస్తే సాయంత్రానికి మళ్లీ పిండి రాలుతోంది" అన్నారు. వెళ్లి చూస్తే గడప మీద మైదాలాంటి పొడి, నిలువు కట్టె నిండా గుండుసూది గుచ్చినట్టు రంధ్రాలు. ఉలి ఆనించి నొక్కితే తెల్లచెక్క అప్పడంలా విరిగి లోపలికి పోయింది. పక్కనే చేవ మీద, అంటే మాను నడిమి ముదురు కట్టె మీద, అదే ఉలి దిగనే లేదు.

వెడల్పాకుల చెట్ల కట్టెలో నీరు పారే సన్నటి గొట్టాలుంటాయి. ఆ పొడి రాల్చే పుచ్చు పురుగు వాటిలోనే గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు తెల్లచెక్కలోని పిండిపదార్థం తిని పెరుగుతాయి. పైన్‌లో ఆ గొట్టాలే లేవు, ఈ పురుగు దాని జోలికి పోదు. చెదలు మాత్రం పైన్‌ను వదలవు, మందు పట్టించకుండా నేలకు ఆనించకూడదు.

అందుకే మీరు రాసేటప్పుడు టేకు, ఏగిస, మద్ది, వేప అని చెట్టు పేరుతో రాయండి. బిల్లులోనూ ఆ పేరే రాయించుకోమని, చేవ ఎంత ఉందో, ఎన్నాళ్లు ఆరిందో అడగమని పాఠకులకు చెప్పండి. ఇల్లు కట్టుకునేవాళ్లు జన్మకొకసారి కొంటారు ఆ కట్టె. అనుమానముంటే మల్లేశ్వరంలో కేంద్ర ప్రభుత్వ కలప పరిశోధన సంస్థ ఉంది, ముక్క ఇస్తే ఏ చెట్టుదో పరీక్ష చేసి చెబుతారు.

మాస్టారింట్లో ఆ నిలువు కట్టె తీసేసి, నా ఖర్చుతో వేప చేవ వేశాను. తీసిన ముక్క నా దగ్గరే ఉంది. మీ విలేకరిని పంపితే చూపిస్తాను.

ఒక వడ్రంగి,
విజినాపుర, బెంగళూరు