పల్లి కొనేటప్పుడు బూజు విషాన్నీ పరీక్షించాలి

సంపాదకుడు గారికి,

యాసంగి పల్లికాయ మళ్లీ యార్డులకు వస్తోంది. మా పాలమూరులో వనపర్తి, అచ్చంపేట, కల్వకుర్తి వైపు ఎన్నో కుటుంబాలు ఈ పంట మీదే ఆధారపడి ఉన్నాయి. కొనేవాళ్లు కాయ ఒలిచి గింజ చూస్తారు, తేమ చూస్తారు, ధర కడతారు. అఫ్లాటాక్సిన్ సంగతి ఎవరూ అడగరు.

పల్లి, మక్కల మీద పెరిగే ఒక రకం బూజు తయారుచేసే విషం ఇది. నేరుగా లివర్‌నే దెబ్బతీస్తుంది. వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం దాణాలో కలిపిన పల్లి చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) అని తేలింది. 1974లో రాజస్థాన్, గుజరాత్ గిరిజన పల్లెల్లో బూజు పట్టిన మక్కలు తిని, కామెర్లు వచ్చి వందమందికి పైగా చనిపోయారు. ఆ మరణాలపై పరిశోధన చేసింది మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థే. పరిశోధనశాలల్లో ఎలుకలకు లివర్ క్యాన్సర్ తెప్పించి అధ్యయనం చేయడానికి వాడే విషాల్లో ఇదొకటి. దాన్ని అక్కడ గ్లౌజులు లేకుండా ముట్టుకోరు. మనం పల్లీలు రోజూ చట్నీలో తింటాం.

మిషన్‌లో గింజ పగలకూడదని కాయల మీద నీళ్లు చల్లి ఒలిపిస్తారు. ఆ తడి ఆరకుండానే బస్తాలు కుట్టేస్తారు. కొన్నాళ్లకు మూతి విప్పితే ముక్కిన వాసన, గింజల మీద పచ్చటి పొడి. అలాంటివి ఏరినా పారబోయరు, తక్కువ రేటుకు నూనె మిల్లుకు పోతాయి. ఆ చెక్క బర్రెలు తింటే విషం పాలలోకీ దిగుతుంది.

తప్పంతా రైతు మీద వేస్తే అన్యాయం. కాయ ముదిరే టైంలో చేను బెట్టకు వస్తే బూజు భూమిలోనే కాయకు పడుతుంది. కోశాక వాన పడితే కప్పడానికి టార్పాలిన్ కూడా లేనివాళ్లు ఎందరో.

తక్కువ ఖర్చుతో ఈ విషాన్ని కనిపెట్టే పరీక్షను పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఎప్పుడో తయారుచేసింది. మిల్లుకు పోయే పల్లిలో కిలోకు 15 మైక్రోగ్రాములు దాటొద్దని నిబంధనా ఉంది. యార్డులోనే పరీక్ష చేసి ఫలితం రైతు చేతికివ్వాలి. తేమ 8 శాతానికి తగ్గేలా ఎండబెట్టి తెచ్చిన కాయకు ఎక్కువ ధర ఇవ్వాలి. బూజు గింజలను వేలానికి పెట్టకుండా సర్కారే కొని నాశనం చేయాలి. ఈ సీజన్ కొనుగోళ్లు ముగిసేలోగా జిల్లాకు ఒక్క యార్డులోనైనా ఈ పని మొదలుపెట్టాలని మార్కెటింగ్ శాఖను కోరుతున్నాను.

— ఒక పల్లి రైతు, నాగర్‌కర్నూల్ జిల్లా